పెరటాసి శనివారం, జెంటామైసిన్ సూది

బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో ఒక పని ఉండేది. గుజ్జు నింపి మూత బిగించిన డబ్బాలను వరుసగా పేర్చేవారు. చిన్న ఇనుప కడ్డీతో ఒక్కొక్క డబ్బా మూతను తట్టుకుంటూ పోవాలి. సరిగా బిగిసిన డబ్బా గణగణమంటుంది. లోపలికి గాలి చొరబడినది, గుజ్జు పులవడం మొదలుపెట్టినది మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా చెవికి పట్టాలి. ఇప్పుడు యంత్రాలు వచ్చాయంటున్నారు. నేను చెప్పబోయే రోజుల్లో ఆ పని మనుషులే చేసేవారు. అలా డబ్బాలు తట్టి బతికే ఒకామె మా వార్డులో చేరింది. ఆమె దగ్గర నేను వైద్యం కొంత, భక్తి కొంత కొత్తగా నేర్చుకున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా తిరుపతిలో ఒక ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరుగా పనిచేసి ఈమధ్యనే విరమించాను. మాది కోవెల కైంకర్యం చేసుకునే ఇల్లు. పొద్దున తాతగారి దగ్గర సంథ, అంటే ఆయన పలికిన మంత్రపాఠం తిరిగి చెప్పుకోవడం, సాయంత్రం పెద్దలు శాస్త్రం చదివి అర్థం చెప్పే కాలక్షేపానికి పోయి వెనక వరుసలో కూర్చోవడం, ఇదీ నా బాల్యం. పాఠం తప్పు పలికితే తాతగారు మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవారు. ఒక్క అక్షరం జారినా మంత్రం మంత్రం కాకుండా పోతుందని ఆయన నమ్మకం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, వార్డుల్లో కొత్తగా అడుగుపెడుతున్న పిల్లలకు జెంటామైసిన్ జాతి మందుల గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు తాతగారే గుర్తొస్తారు.

ఆమెకు నలభై ఏళ్ళు ఉంటాయి. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం ఒకటి దెబ్బతిని, అప్పటి నుంచి రక్తం కొద్దిగా వెనక్కి కారుతూ ఉంది. నెల రోజులుగా సాయంత్రం కాగానే జ్వరం, చలి. ఊళ్ళో మాత్రలు మింగి, తగ్గకపోతే వాళ్ళ అన్న మా దగ్గరికి తీసుకొచ్చాడు. రక్తం తీసి కల్చరుకు పంపాను.

మా మైక్రోబయాలజిస్టు నాతోపాటు చదువుకున్నదే. గూడూరులో నిమ్మకాయల మండీ నడిపే ఇంటి పిల్ల. మాటలో కూడా ఆ పులుపు ఉండేది. మూడో రోజు ఫోన్ చేసి ల్యాబుకు రమ్మంది.

"ఏమే, నీ పేషెంటు గుండెలో దొంగ దొరికాడు. పేగుల్లో కాపురం ఉండాల్సినవాడు కవాటం మీద ఇల్లు కట్టుకున్నాడు. ఆంపిసిలిన్ ఒక్కటే ఇస్తే వీడు చావడు, ముసుగుతన్ని పడుకుంటాడు."

"జెంటామైసిన్ కలపాలా?"

"కలపాలి. ఉట్టి జెంటామైసిన్‌ను పంపితే వాడి గోడ దాటలేక వాకిట్లో నిలబడిపోతుంది. ఆంపిసిలిన్ గోడకు కన్నం వేస్తే ఇది లోపలికి పోతుంది. రెండూ కలిస్తే పని అవుతుందని ప్లేటు మీద చూసే చెబుతున్నాను. వారాల తరబడి ఇవ్వాలి మరి."

లోపలికి పోయి ఆ మందు చేసే పని చూడండి. ప్రతి సూక్ష్మజీవిలోనూ లెక్కలేనన్ని చిన్న పాఠశాలలున్నాయనుకోండి. పైనుంచి వచ్చిన పాఠాన్ని అక్షరం అక్షరం చదువుతూ, దాని ప్రకారం ప్రోటీన్లు అల్లుతుంటాయి. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు పోయి సరిగ్గా ఆ చదివే చోట కూర్చుంటాయి. నోరు మూయించడం వాటి అసలు పని కాదు, తప్పు చదివిస్తాయి. ఒక అక్షరానికి ఇంకో అక్షరం పలికిస్తాయి. అల్లినదంతా తప్పుడు అల్లిక అవుతుంది. ఆ తప్పుడు ప్రోటీన్లు పోయి గోడలో ఇరుక్కుంటే గోడకు ఇంకా చిల్లులు పడతాయి, ఆ చిల్లుల్లోంచి ఇంకా మందు లోపలికి పోతుంది. చివరికి సూక్ష్మజీవి తన పాఠం తానే తప్పి చస్తుంది. తాతగారు బతికి ఉంటే ఈ సంగతి వింటూ ఎంత సంతోషించేవారో.

అయితే ఈ మందుకు రెండు పేచీలున్నాయి. ఒంట్లోంచి బయటికి పోవడానికి దానికి మూత్రపిండాలు తప్ప వేరే దారి లేదు. పోతూ పోతూ ఆ దారినే గాయపరచవచ్చు. దారి మందగిస్తే మందు రక్తంలో నిలబడిపోతుంది. నిలబడిన మందు లోచెవిలోకి దిగుతుంది. అక్కడ శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల కణాలుంటాయి, మనిషిని తూలకుండా నిలబెట్టే కణాలు కూడా అక్కడే. అవి ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు.

ఇప్పటి పిల్లలు అడుగుతారు, ఇలాంటి జబ్బుకు జెంటామైసిన్ లేకుండా వేరే జోడీ ఉందిగా మేడమ్ అని. ఉంది. అప్పటికి అది మా చేతికి రాలేదు.

మంచం పక్కన కూర్చుని ఆమెకు అంతా చెప్పాను. ఏ పని చేస్తావని అడిగితే అప్పుడు తెలిసింది డబ్బాల సంగతి.

"సెవులు పోతాయా డాక్టరమ్మా?"

"పోవచ్చు. జాగ్రత్తగా ఇస్తే చాలామందికి పోవు."

"పోతే ఫ్యాక్టరీలో నన్ను పెట్టుకోరు. సెవిటిదానికి ఆ పని యాడ ఇస్తారు? నాకు ఇంకో పని రాదు." మళ్ళీ తనే అడిగింది. "సూది యెయ్యకుంటే?"

"జబ్బు కవాటాన్ని తినేస్తుంది. గుండె ఆగిపోతుంది."

"ఇంగ అడిగేదేముండాది? యెయ్యండి."

వాళ్ళ అన్న నవ్వించబోయాడు. "దీనికి సెవులు కొంచిం తగ్గినా మాకు మంచిదే డాక్టరమ్మా. నేను వాకిట్లో గుసగుసలాడితే వంటింట్లో నుంచి బదులు చెప్తాది."

"ఊరుకోన్నా. నీ గుసగుస బంగారుపాళ్యం బస్టాండులో ఇనపడతాది" అంది ఆమె, జ్వరంలోనే.

మందు మొదలుపెట్టాం. రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే వసతి మాకు లేదు. చెన్నైకి పంపితే జవాబు వచ్చేసరికి దానికి అర్థం ఉండేది కాదు. అందుకని మూత్రపిండాల రక్తపరీక్ష తరచుగా చేసేవాళ్ళం, మిగతాది మా హెడ్ సిస్టర్ కళ్ళతో చూసేది. ఆమె గట్టి క్రైస్తవురాలు, ఆదివారం ఆరాధన అయ్యేదాకా డ్యూటీకి ఒప్పుకోని మనిషి. రోజూ పొద్దున మంచం దగ్గరికి వచ్చి, "చెవిలో ఏమన్నా కూతలున్నాయా? సరే, లే. కళ్ళు మూసుకుని నిలబడు. నేను పట్టుకుంటాలే" అనేది. జ్వరం తగ్గింది. ఆమె ముఖంలోకి రంగు వచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడు వేంకటేశ్వరస్వామికి ఇష్టమైన పెరటాసి నెల వచ్చింది.

పెరటాసి శనివారాలంటే మా వైపు తెలియని ఇల్లుండదు. ఉపవాసం ఉండి, నుదుట నామం పెట్టుకుని, నామం దిద్దిన చెంబు పట్టుకుని "గోవిందా" అంటూ నాలుగిళ్ళకు పోతారు. ప్రతి ఇంట్లో గుప్పెడు బియ్యం వేస్తారు. అలా అడిగి తెచ్చిన బియ్యం కలిపి వండి స్వామికి తళిగ వేస్తారు, అంటే అరిటాకులో వడ్డించి నైవేద్యం పెడతారు. తళిగ పడ్డాకే ఉపవాసం విడవడం.

మొదటి శనివారం ఆమె పొద్దుటి పళ్ళెం వెనక్కి పంపింది. మధ్యాహ్నం పళ్ళెం కూడా వెనక్కి పంపింది. ఎవరం ఆశ్చర్యపోలేదు. ఆ రోజు వార్డులో సగం పళ్ళేలు వెనక్కే పోయాయి. నేనూ ఉపవాసమే. మా ఇంట్లో పాలు, పండు తీసుకుంటాం. ఆమె కూడా అంతేననుకున్నాను. సాయంత్రం చీకటి పడుతుండగా వాళ్ళ అన్న ఊళ్ళో తళిగ ముగించుకుని, ప్రసాదం మూట కట్టుకుని బస్సు దిగాడు. అప్పుడు తిన్నది.

సోమవారం రక్తపరీక్ష వచ్చింది. మూత్రపిండాలు సగానికి సగం మందగించాయి. పరుగున వార్డుకు పోయేసరికి హెడ్ సిస్టర్ అప్పటికే మంచం పక్కన ఉంది.

"చెవిలో చిమ్మెట దూరినట్టుండాది అంటోంది మేడమ్."

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నిన్న మద్దేనం నుంచి. ఫ్యాను సప్పుడనుకుంటిని."

"శనివారం నీళ్ళు ఎన్ని తాగావు?"

ఆమె నన్ను విచిత్రంగా చూసింది. "శనివారం తళిగ పడేదాకా నీళ్ళు ముట్టను గదమ్మా."

గుండె కవాటం కారుతున్నందుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా ఆమెకు మూత్రం ఎక్కువ పోయే మాత్ర కూడా ఇస్తున్నాం. ఒకవైపు నీళ్ళు బయటికి తోడుతున్నాం, ఇంకోవైపు ఆమె చుక్క నీరు ముట్టలేదు. ఒళ్ళు ఎండిపోయింది, మూత్రపిండాల దారి సన్నబడింది, మందు నిలబడిపోయింది.

"పళ్ళెం వెనక్కి పోవడం అందరం చూశాం" అంది హెడ్ సిస్టర్ మెల్లగా. "గ్లాసు సంగతి ఎవరం చూడలేదు."

జెంటామైసిన్ ఆపాను, నీటి మాత్ర ఆపాను. ఆమె బుద్ధిగా నీళ్ళు తాగింది. గురువారానికి పరీక్ష మెరుగుపడింది, చెవిలో కూత సన్నబడింది. అప్పుడు ల్యాబులో నాకూ మా మైక్రోబయాలజిస్టుకూ వాదన జరిగింది.

"ఇంక పూర్తిగా ఆపేద్దామా?" అన్నాను. "చెవులు మిగులుతాయి."

"కల్చరు శుభ్రంగా ఉంది, నిజమే. వాడు చచ్చాడనుకోకు. కవాటం లోపలి మడతల్లో ఉంటాడు. సగంలో వదిలేస్తే లేచి కూర్చుంటాడు. డోసుల మధ్య ఎడం పెంచి ఇవ్వు. పరీక్ష రోజు విడిచి రోజు నేనే చేస్తాను."

"ఎల్లుండి మళ్ళీ శనివారం."

ఆమె కలం కింద పెట్టింది. "అయితే నీళ్ళు తాగించు. అది నా ల్యాబులో జరిగే పని కాదు, మీ వైష్ణవుల పని."

వార్డుకు పోయి చెప్పాను. ఈసారి ఎండితే చెవులు పోతాయి, మందు ఆపితే ప్రాణం పోతుంది, మధ్యలో ఉన్న దారి నీళ్ళే అని. ఆమె విన్నది. అర్థమూ చేసుకుంది. తల అడ్డంగా ఊపింది.

"కీళ్ళ జరం వొచ్చినప్పుడు మాయమ్మ మొక్కుకునింది. బతికితే బిడ్డ పెరటాసి శనివారాలు నిష్ఠగా ఉంటాదని. నాయన పోయిన యేడు గూడా మానలా. బతికించినోడికి ఇచ్చిన మాట గదా డాక్టరమ్మా. ఇప్పుడు సెవుల కోసం తప్పితే యెట్లా?"

మా జూనియర్ డాక్టరు నా చెవిలో సెలైన్ అన్నాడు. కారే గుండెకు దండిగా సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తులు నిండిపోతాయి. ఆమె అది కూడా విన్నది. "సూదిలో ఎక్కిస్తే మాత్రం నీళ్ళు గావా నాయనా?" అని అతన్నే అడిగింది.

ఆ మధ్యాహ్నం నేను మంచి వైద్యురాలిలా మాట్లాడాను, అది పనిచేయలేదు. కోప్పడదామా అనిపించింది. అప్పుడు చిన్ననాటి కాలక్షేపాలు నాకు అడ్డం వచ్చాయి. అక్కడ పెద్దలు వందసార్లు చెప్పిన మాట ఒకటుంది. మన వ్రతం భగవంతుడికి చెల్లించే వెల కాదు, ఆయన చేసినదానికి మనం చూపే కృతజ్ఞత. ఆమె సరిగ్గా అదే అంటోంది. ఆమెతో నాకు వాదం లేదు. ఇక మిగిలింది గడియారంతో పేచీ.

మళ్ళీ కూర్చుని అడిగాను. "ఉపవాసం ఎప్పుడు విడుస్తావు?"

"తళిగ పడినాక."

"తళిగ ఫలానా గంటకే వేయాలని మీ అమ్మ మొక్కుకుందా?"

"లేదు. వంటయితే ఏసేదే."

"ఫలానా చోటే వేయాలని?"

ఆమె అన్న వైపు చూసింది. మంచం అవతల నుంచి అన్న అందుకున్నాడు. "ఆస్పత్రిలో తళిగ యేంది డాక్టరమ్మా? మైల. ఈడ యెవురెవురో వొస్తారు, యేమేమో అయితాది. మా ఇంటి పద్ధతి గాదు."

"స్వామి మైల చూసుకుని వచ్చేవాడైతే మన ఇళ్ళకు మాత్రం వస్తాడా?" అన్నాను. "ఆమె నీళ్ళు మానేస్తే ఆయన దాహం తీరదప్పా. పొద్దునే వేద్దాం. ఇంటి నుంచి నేను మడితో వండుకొస్తాను. బియ్యం ఇక్కడే అడుగుదాం."

అతను తువాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. శుక్రవారమంతా కనబడలేదు. ఆమె రాత్రి పడుకునేదాకా నీళ్ళు తాగింది, ఆ మాత్రం ఒప్పుకుంది. శనివారం సంగతి మాత్రం "సూస్తాం" అని ఊరుకుంది.

శనివారం తెల్లవారుతుండగా చక్కెర పొంగలి, పులిహోర, వడలు క్యారేజీలో సర్దుకుని వార్డుకు పోయాను. ఆమె స్నానం చేసి కూర్చుని ఉంది. నామం నేనే పెట్టాను. చెంబుకు కూడా దిద్దాను. ఆమె లేచి నిలబడింది. వెనక హెడ్ సిస్టర్ రోజూ పట్టుకున్నట్టే నడుం పట్టుకుంది.

"గోవిందా" అంది ఆమె, సన్నని గొంతుతో.

మొదటి గుప్పెడు హెడ్ సిస్టరే వేసింది. చీర కొంగున ముడి వేసుకుని తెచ్చుకుంది. "సిస్టరమ్మా, మీ దేవుడు కోపం సేసుకోడా?" అని పక్క మంచం నుంచి ఎవరో అడిగితే, "ఆకలిగా ఉన్నవాళ్ళకు గింజలు పెడితే కోపమొచ్చే దేవుడికి నేనైతే మొక్కను" అంది.

మంచం మంచానికీ పోయారు. రోగుల తోడుగా వచ్చినవాళ్ళు రాత్రే మూటలు విప్పి బియ్యం పక్కన పెట్టుకున్నారు. చిత్తూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన చేతిలో బియ్యం పట్టుకుని బేరం పెట్టాడు. "నాకు సెక్కెర పొంగలి పెట్టాల. షుగరుండాదని యెగ్గొడితే ఈ బియ్యం యెయ్యను." పెడతామని, కాకపోతే చెంచాడే పెడతామని ఒప్పించాం.

ఆ బియ్యం నర్సుల గదిలో ఎలక్ట్రిక్ స్టవ్ మీద వండాం. కిటికీ పక్క గచ్చు కడిగి అరిటాకు వేసి వడ్డించాం. కర్పూరం వెలిగించడానికి ఆక్సిజన్ ఉన్న వార్డులో వీల్లేదని హెడ్ సిస్టర్ ముందే చెప్పింది. తులసి వేసి, నాకు వచ్చిన పాశురాలు చదివి ఆరగింపు చేశాను. ఆమెకు తీర్థం ఇచ్చాను. ఉద్ధరిణెతో మూడుసార్లు తీసుకుని కళ్ళకద్దుకుంది. మా మైక్రోబయాలజిస్టు ఎప్పుడు వచ్చిందో, గూడూరు నిమ్మకాయలు పిండి బెల్లం కలిపిన పానకం పెద్ద గ్లాసు నిండా పట్టుకుని నిలబడి ఉంది.

ఆమె గ్లాసు అందుకుంది. నోటి దాకా తీసుకుపోయి ఆగిపోయింది.

"మా ఇంట్లో ఇంకా తళిగ పడలేదు గదమ్మా" అంది. "ఇంటిది పడకముందే నేను తాగితే..."

చెప్పగలిగినదంతా చెప్పేశాను. గ్లాసు ఆమె చేతిలో అలాగే ఉంది. వార్డంతా ఆ గ్లాసునే చూస్తోంది.

అప్పుడు తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడయింది. వాళ్ళ అన్న. నుదుట నామం, చేతిలో వాళ్ళ ఇంటి దీపం కుందె, వెలిగించకుండా, పసుపు గుడ్డలో చుట్టి ఉంది. వెనక భార్యా పిల్లలూ. మొదటి బస్సుకే బయలుదేరారట.

"తాగమ్మా" అన్నాడు. "ఇదే మన ఇంటి తళిగ. ఆడ పొయ్యి ముట్టీలేదు. ఈ వారం మన తళిగ తిరుపతి ఆస్పత్రిలో అని ఊర్లో అందరికీ చెప్పొచ్చినా." కుందెను ఆకు పక్కన పెట్టి, "గోవిందా" అని గట్టిగా అన్నాడు. వార్డు మొత్తం అందుకుంది. హెడ్ సిస్టర్ నోరు కదిలిందో లేదో నేను చూడలేదు.

ఆమె తాగింది. ఆపకుండా తాగింది. మా స్నేహితురాలు మళ్ళీ నింపింది.

సోమవారం పరీక్ష బాగుంది. ఎడం పెంచిన డోసులతో మందు చివరిదాకా ఇచ్చాం. మిగిలిన శనివారాలు కూడా వార్డులోనే తళిగ పడింది, మూడో వారానికి పక్క వార్డు వాళ్ళు కూడా బియ్యం పట్టుకుని క్యూలో నిలబడ్డారు. జ్వరం మళ్ళీ రాలేదు. పంపిన ప్రతి కల్చరూ శుభ్రంగా వచ్చింది.

డిశ్చార్జి రోజు ఆమెను ఈఎన్‌టీ విభాగానికి తీసుకుపోయాను. చేరినప్పుడు జ్వరంలో లేవలేని స్థితి కాబట్టి మంచం దగ్గరే ట్యూనింగ్ ఫోర్కు అనే శ్రుతిదండం మోగించి చెవులు చూశాం. శబ్దం చొరని గదిలో పరీక్ష ఆమెకు ఇదే మొదలు. అద్దం అవతల ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. శబ్దం వినబడితే మీట నొక్కాలి. నేను ఇవతల నిలబడి ఆ వేలినే చూస్తున్నాను. వేలు కదిలిన ప్రతిసారీ మనసులో ఒక నమస్కారం పెట్టుకున్నాను. ఎడమ చెవిలో పైస్థాయి శబ్దాలు రెండు కొద్దిగా తగ్గాయి. మిగతాదంతా మామూలే. పని చేసుకోవచ్చని పరీక్ష చేసినాయన చెప్పాడు.

ఆమె బయటికి వచ్చింది. ఏదో ఆలోచిస్తోంది.

"లోపల యెంత నిశ్శబ్దంగా ఉండాదో డాక్టరమ్మా. ఆయన సప్పుడు ఆపినప్పుడంతా ఇంకోటి ఇనపడింది. ఉస్సు... ఉస్సు... అని. ఎవురో పక్కనే అడుగేస్తా వుండారనుకుంటిని."

నేను స్టెతస్కోపు ఆమె ఛాతీకి ఆనించి విన్నాను. కవాటం కారుతున్న చప్పుడు, అదే లయ. ఆ గొట్టాన్ని ఆమె చెవులకు పెట్టాను. కాసేపు విన్నది.

"అది నీ గుండె" అన్నాను.

"తెలిసింది" అంది. గొట్టం తీసి నా చేతికిచ్చింది. "అయినా పక్కనే నడస్తా వుండారు."

నేను సరిదిద్దలేదు. ఇద్దరం మెట్లు దిగి, వాళ్ళ అన్న నిలబడి ఉన్న బస్సు దాకా నడిచాం.